వదిన గారి బ్యాక్‌గ్రౌండ్లు

ఎవరైనా పోతే తప్ప మా వదినకు బూడిదరంగు ఇంకు సీసా మూత తీసే అవకాశం రాదు. అందుకే చావు కబురు వినగానే ఆవిడ మొహంలో ముందు చిన్న వెలుగు వస్తుంది, బాధ తర్వాత వస్తుంది. నేను కళ్ళారా చూశాను. వాళ్ళ మేడ మీద అద్దెకుండే టైలర్ తండ్రి పోయాడని తెలిసిన రోజు నేను అక్కడే ఉన్నాను. "అయ్యో, నిన్నటిదాకా బాగానే ఉన్నాడే!" అంది. అంటూనే బల్ల దగ్గరికి నడిచింది. "సంతాపం కార్డుకి బూడిదరంగులో కాస్త వంగపండు రంగు చుక్క వేస్తే బావుంటుంది కదా" అని నన్నే అడిగింది. పోయినాయన రంగుల ఇష్టాలు నాకేం తెలుసు?

వదిన అంటే మా ఆయన అక్క. ఇన్సూరెన్స్ ఆఫీసులో కూర్చుని, జనం ఏ వయసులో ఎందుకు పోతారో కాగితాలు తిరగేసి తిరగేసి రిటైరైంది. రిటైరైన మనిషి కాళ్ళు బారజాపుకుని కూర్చుంటే ఎవరొద్దన్నారు? ముందు కొవ్వొత్తుల మీద పడింది. ఇంట్లో ఉన్న గిన్నెలన్నింటికీ మైనం పట్టింది. ఆ తర్వాత సబ్బులు చెక్కింది. ఒకసారి వాళ్ళింట్లో భోజనం చేసి, బేసిన్ దగ్గర కనిపించిన సబ్బుతో చేతులు కడుక్కోబోతే, "అది హంస!" అని ఇల్లెగిరిపోయేలా అరిచింది. నాకైతే అది బాతులా కూడా అనిపించలేదు. హంసలు ఎండి పగిలిపోయాక ఫోన్‌లో ఎవరో విదేశీ ఆవిడ వీడియో చూసి కార్డుల్లోకి దిగింది. అప్పటినుంచి ఆవిడకు పట్టపగ్గాల్లేవు.

ఈ కార్డుల భాగోతం తెలియని వాళ్ళకు కాస్త చెప్పాలి. దీనికి వాడే కాగితం చూడటానికే కాగితం, పట్టుకుంటే ప్లాస్టిక్. ఏదీ పీల్చుకోదు. దాని మీద స్పిరిట్‌లో కలిపిన ఇంకు చుక్కలు వేస్తారు. పైన ఇంకాస్త ఉత్త స్పిరిట్ పోస్తే రంగు నాలుగు వైపులా పరుగులు పెడుతుంది. అప్పుడు హెయిర్ డ్రయ్యర్‌తో ఊదుతూ, కాగితాన్ని అటూ ఇటూ వంచుతూ ఉంటే, స్పిరిట్ ఎగిరిపోయి రంగు పొరలు పొరలుగా, అంచులు అంచులుగా మిగులుతుంది. మిగిలింది పువ్వా, మబ్బా, సముద్రమా అన్నది ఆ రోజు వదిన ఏమంటే అది. దాన్ని బ్యాక్‌గ్రౌండ్ అంటారు. ఆ బ్యాక్‌గ్రౌండ్‌ని ముక్కలుగా కోసి, మడతపెట్టిన మందపాటి అట్ట మీద అంటించి, బంగారు రంగు పెన్నుతో రెండు ముక్కలు రాస్తే కార్డు తయారు. బ్యాక్‌గ్రౌండ్ ముందు ఏదైనా బొమ్మ వస్తుందేమోనని నేను మొదట్లో చాలా రోజులు ఎదురుచూశాను. ఏమీ రాదట, అంతేనట.

అబద్ధం ఎందుకు, రంగులు బాగానే ఉంటాయి. అదే నాకు ఇంకా మంట. గాలి చేసిన పనికి కింద సంతకం ఆవిడ పెడుతుంది. పెట్టి, "ఈసారి ఎంత లోతు వచ్చిందో చూశావా ఏమ్మా?" అని మనల్ని ఆ లోతులోకి తొంగి చూడమంటుంది. చూడకపోతే మూతి ముడుచుకుంటుంది.

వాళ్ళింట్లో డైనింగ్ టేబుల్ ఇప్పుడు పూర్తిగా ఇంకు సీసాలదే. ఆవిడ భర్త, నాకు వరసకు అన్నయ్య, పళ్ళెం పట్టుకుని వంటింటి గట్టు దగ్గర నిలబడి తింటాడు. ఎప్పుడైనా మరిచిపోయి కుర్చీ లాక్కుని కూర్చుంటే, "లే లే, అది ఆరలేదు!" అని లేపేస్తుంది. మోచేతి దాకా నీలిరంగు అంటుకుని పాపం ఆయన బయటికి ఫుల్ చేతుల చొక్కా వేసుకుపోయిన రోజులున్నాయి. ఇంట్లో అడుగుపెడితే చాలు స్పిరిట్ వాసన గుప్పుమంటుంది. కొత్తగా వచ్చిన వాళ్ళు ఇంట్లో ఎవరికి బాలేదని అడుగుతారు.

ఇదంతా ఎవరింట్లో వాళ్ళు చేసుకునే పిచ్చి, నాకెందుకు అనుకోవచ్చు. కానీ వదిన కార్డు చేసేది మనిషి దగ్గరికి వెళ్ళకుండా ఉండటానికి. కార్డు పంపిందంటే ఇక ఆ మనిషి విషయంలో చేతులు దులుపుకున్నట్టే. ఆవిడతో ఆఫీసులో పక్క కుర్చీలో పనిచేసినావిడ ఇల్లు వానలకు మునిగింది. మంచాలతో సహా తడిసిపోయి, ఆ మనిషి వీధిలో నిలబడి సామాన్లు ఆరబెట్టుకుంటోంది. మన వదిన కార్డు పంపింది. నీలిరంగు బ్యాక్‌గ్రౌండ్. అలలు! "ప్రశాంతంగా ఉంటుందని సముద్రం వేశా" అంది నాతో. నాకు పిత్తాశయం తీసేసినప్పుడు కూడా ఆస్పత్రికి రాలేదు, కార్డు వచ్చింది. పచ్చ మీద ముదురాకుపచ్చ. డాక్టరు నా కడుపులోంచి తీసి సీసాలో వేసి చూపించింది కూడా అచ్చం అలాగే ఉంది. నేను దాన్ని దిండు కింద కూడా పెట్టుకోలేదు, మా ఆయనకిచ్చి ఇంటికి పంపేశాను.

ఇలా ఉండగా అత్తయ్య పడింది.

అత్తయ్య, అంటే వదిన తల్లి, మా దగ్గరే ఉంటుంది. రెండు గదుల ఇల్లు, పైన మూడో అంతస్తు. ఆవిడ వయసులో ఉన్నప్పుడు ఒక లాండ్రీలో ఇస్త్రీ పని చేసేది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడి, వేడి ఆవిరి మొహాన కొట్టించుకుని, ఆ సంపాదనతోనే పిల్లలిద్దర్నీ చదివించింది. ముసలితనంలో కూడా నేను ఇస్త్రీ చేసిన చొక్కా చూసి, "కాలర్ ఎవరు చేస్తారమ్మాయ్?" అనేది. అలాంటి మనిషి స్నానాల గదిలో కాలు జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేస్తే ఆవిడ గుండె తట్టుకోదని డాక్టరు చెప్పాడు. అంటే ఇక మంచమే. ముందుగదిలో కిటికీ పక్కన మంచం వేశాం.

నేను కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తాను. అద్దాలను ఫ్రేముకు సరిపడా అరగదీసి బిగిస్తాను. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. ఆయన డ్యూటీకి, నా డ్యూటీకి మధ్య అత్తయ్య ఒంటరిగా ఉండకుండా చూసుకోవడానికి మేమిద్దరం గుమ్మంలోనే ఒకళ్ళకొకళ్ళు ఎదురుపడి, తాళం చేతులు మార్చుకుని పోయేవాళ్ళం. పొద్దుటిపూట నర్సమ్మ వచ్చేది. మనిషి ముక్కుసూటి. "పక్కకి తిప్పుతూ ఉండండి. దుప్పటి ముడతలు పడకూడదు. వీపు స్పిరిట్‌తో తుడిచి పౌడర్ వెయ్యండి. ఎక్కడైనా ఎర్రబడితే నాకు వెంటనే చెప్పండి" అని నేర్పింది. మామూలుగా దొరికే నీళ్ళ స్పిరిట్ పనికిరాదని, మంచి రకం పేరు కూడా చెప్పింది. అది మా వీధి మందుల షాపులో లేదు. షాపాయన ఎక్కడికో ఫోన్ చేసి పెద్ద సీసా ఒకటి తెప్పించి పెట్టాడు.

అత్తయ్యకు నొప్పి కంటే వీపు మంట ఎక్కువ బాధ. పడుకుని పడుకుని వీపంతా కాలిపోతున్నట్టు ఉండేది. స్పిరిట్ దూది పెట్టగానే కళ్ళు మూసుకుని, "హాయిగా ఉందమ్మాయ్. లాండ్రీలోంచి బయటికొచ్చి వీధిలో నిలబడినట్టుంది" అనేది. రోజు మొత్తంలో ఆవిడ బాగుందని చెప్పే మాట అదొక్కటే.

ఆవిడకు కావలసింది ఇంకొకటుంది. కూతురు. ఒక్క బస్సు ఎక్కితే చాలు, మధ్యలో దిగి మారక్కర్లేదు, అంత దూరంలో ఉంది వదిన. తల్లి పడిందని తెలిసిన వారంలోనే కొరియర్‌లో కార్డు వచ్చింది. పసుపు రంగు బ్యాక్‌గ్రౌండ్.

"ఈ మచ్చలేంటమ్మాయ్?" అంది అత్తయ్య.

"పొద్దుతిరుగుడు పువ్వులట అత్తయ్యా."

"పువ్వులెక్కడున్నాయి?"

"వెనకాల రాసింది, పువ్వులని."

అత్తయ్య కార్డును కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పింది. నవ్వింది కూడా. "చిన్నప్పుడూ అంతే. గుర్రం అని గీసేది, మనం నమ్మాలి" అంది. తర్వాత లోపల రాసింది చదవమంది. "త్వరగా కోలుకో అమ్మా" అని చదివాను. కోలుకుంటుందని డాక్టరే అనలేదు, ఈవిడ త్వరగా అని కూడా పెట్టింది.

"ఎప్పుడొస్తానని రాసిందా?"

కార్డు ముందూ వెనకా చూశాను. రాయలేదని చెప్పాను. అత్తయ్య కార్డు నా చేతిలోంచి తీసుకుని కిటికీ గట్టు మీద నిలబెట్టుకుంది. ఆ తర్వాత గులాబి వచ్చింది, నారింజ వచ్చింది, ఆకుపచ్చ, మళ్ళీ గులాబి. కిటికీ గట్టు నిండిపోయి, గాలి వస్తే కార్డులన్నీ టపటపా ఆవిడ మీద పడేవి. ఎన్ని వచ్చినా అదే మాట, త్వరగా కోలుకో అమ్మా. అత్తయ్య రంగు అడగడం మానేసింది. కవరు చింపుతున్న చప్పుడు వినగానే ఒకటే ప్రశ్న. "ఎప్పుడొస్తుందో రాసిందా?"

నేను ఫోన్ చేశాను. "వదినా, అత్తయ్య మీ గురించే కలవరిస్తోంది. ఒక నాలుగు రోజులు వచ్చి ఉండండి. నేను షాపులో సెలవు అడగలేకపోతున్నా."

"వద్దామనే ఉందమ్మా. కానీ నీకు తెలుసుగా, నాకు ఆస్పత్రి వాసన పడదు."

స్పిరిట్‌లో మునిగి తేలే మనిషి!

"ఇంకోటేంటంటే, నన్ను చూస్తే అమ్మ ఏడుస్తుంది. ఏడిస్తే గుండెకి మంచిది కాదు. అందుకే మనసు ఆపుకుని కార్డులు పంపుతున్నా. గులాబిది చూశావా? దాని అంచుల్లో బంగారు గీత ఎంత సన్నగా వచ్చిందో! ఫోన్‌లో మా కార్డుల గ్రూపులో అందరూ ఒకటే మెచ్చుకోవడం."

ఫోన్ పెట్టేసి మా ఆయన మీద విరుచుకుపడ్డాను. ఆయన తడిసిన పిల్లిలా ఒక మూల నిలబడి, "అక్క మనసు సున్నితం, అమ్మనలా చూసి తట్టుకోలేదు" అన్నాడు.

"నా మనసేమన్నా గరుకు కాగితమా?" అన్నాను. ఆయన డ్యూటీకి ఆలస్యమవుతోందని వెళ్ళిపోయాడు.

చివరకు వదిన వస్తానని కబురు చేసింది. ఆదివారం మధ్యాహ్నం. ఎందుకో ఆవిడే చెప్పింది. వాళ్ళ కార్డుల గ్రూపులో ఏదో పోటీ పెట్టారట. కార్డు ఒక్కటే పెడితే చాలదు, అందుకున్న మనిషి చేతుల్లో ఉన్న ఫోటో కావాలట. అత్తయ్యకు నేను పోటీ సంగతి చెప్పలేదు. వస్తోందని మాత్రం చెప్పాను.

ఆ ఆదివారం పొద్దున్నే జడ వేయమంది. వేస్తే సరిగ్గా రాలేదని విప్పించి మళ్ళీ వేయించుకుంది. నీలం జాకెట్ తీయమంది. చేయి పైకెత్తలేని మనిషికి జాకెట్ తొడగడం అంటే మాటలు కాదు, ఇద్దరం చెమటలు కక్కాం. దుప్పటి మార్చమంది. మార్చాక ఇస్త్రీ లేదని మొహం చిట్లించింది. మెట్ల మీద ఎవరి అడుగుల చప్పుడైనా తల గుమ్మం వైపు తిరిగేది. కింద ఇంటివాళ్ళ చప్పుడైతే మళ్ళీ కిటికీ వైపు తిరిగేది.

వదిన వచ్చింది. చేతిలో కొత్త కార్డు, భుజాన పెద్ద సంచీ. వచ్చి మంచానికి కాళ్ళ వైపు నిలబడింది.

"రావే, ఇలా కూర్చో" అంది అత్తయ్య, దుప్పటి సర్ది చోటు చేస్తూ.

"కూర్చుంటానమ్మా. ముందు వెలుతురుండగా ఒక్క ఫోటో." కార్డు తల్లి చేతిలో పెట్టి ఫోన్ తీసింది. "చెయ్యి కొంచెం పైకెత్తమ్మా. ఇంకొంచెం. మొహం వద్దులే, నీరసంగా పడుతుంది. చెయ్యి చాలు."

అత్తయ్య చెయ్యి వణుకుతోంది. ఫోటో కదిలిపోతోందని వదిన చిరాకుపడింది. నేను వెళ్ళి అత్తయ్య మోచేయి కింద నా చెయ్యి ఆనించి పట్టుకున్నాను. నా చెయ్యి ఫోటోలో రాకుండా చూసుకోమని నాకు చెప్పింది. అలా ఎన్నిసార్లు తీసిందో, చివరకు నచ్చింది. అప్పుడే, నిలబడే, గ్రూపులో పెట్టేసింది.

ఇక ఊరుకోలేకపోయాను. "వదినా, వీపు తుడిచే టైమైంది. నేను పక్కకి తిప్పి పట్టుకుంటా, ఇవాళ మీరు తుడవండి. ఆవిడ మీ చెయ్యి కోసం ఎదురుచూస్తోంది" అన్నాను. అని సీసా, దూది ఆవిడ ముందు పెట్టాను.

వదిన సీసా చేతిలోకి తీసుకుంది. దూది వైపు చూడలేదు. సీసా మీద రాసింది చదివింది. మూత తీసి వాసన చూసింది. అరచేతిలో చుక్క వేసుకుని ఊదింది.

"చూడు, ఎలా ఎగిరిపోయిందో! ఎక్కడ దొరికిందమ్మా ఇది? మా దగ్గర అమ్మేది ఉత్త నీళ్ళు. బ్యాక్‌గ్రౌండ్ అంతా బురద తేలుతోంది. ఎన్ని షాపులు తిరిగానో!" ఆ కళ్ళల్లో వెలుగు నేను ఎరుగుదును. టైలర్ తండ్రి పోయిన రోజు చూసిందే.

అంతలో అత్తయ్య, "అమ్మాయ్, వదినకి టీ పెట్టు. ఎండన పడి వచ్చింది" అంది. సరే, తల్లీకూతుళ్ళు కాసేపు మాట్లాడుకుంటారు కదా అని వంటింట్లోకి వెళ్ళాను. టీ పట్టుకుని వచ్చేసరికి వదిన గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటోంది. బస్సు పోతుందట. తర్వాత ఇంకో బస్సు ఉంది, ఆ తర్వాత ఇంకోటి ఉంది, మా ఆయన పనిచేసే డిపో నుంచే బయల్దేరతాయి. ఆ మాట అనేలోపే మెట్లు దిగిపోయింది. టీ నేనే తాగాను.

సాయంత్రం వీపు తుడుద్దామని చూస్తే సీసా లేదు. మంచం కింద చూశాను, కిటికీ గట్టు మీద కార్డుల వెనక చూశాను. దూది ఉంది, పౌడర్ డబ్బా ఉంది. అప్పుడు వెలిగింది నాకు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఫోన్ చేశాను.

"అవునమ్మా, నా దగ్గరే ఉంది" అంది, చాలా మామూలుగా. వెనక హెయిర్ డ్రయ్యర్ మోత వినిపిస్తోంది. "ఒక పెద్ద బ్యాక్‌గ్రౌండ్ సగంలో ఆగిపోయింది. అమ్మకి చెప్పే తెచ్చానులే."

"ఆవిడ వీపు మండిపోతోంది ఇక్కడ. మీరు దాంతో పువ్వులు పూయిస్తున్నారా?"

"అంత కోపం దేనికి? ఈ కార్డు కూడా అమ్మకేగా!"

ఆ తర్వాత నేనేమన్నానో రాయడం బాగుండదు. నా నోటికి ఎన్ని వచ్చాయో అన్నీ అన్నాను. ఆవిడ ఎక్కడ ఫోన్ పెట్టేసిందో కూడా తెలియదు, నేను మాత్రం ఆగలేదు.

"దాన్నేమీ అనకమ్మాయ్" అంది అత్తయ్య మంచం మీంచి. "నేనే పట్టుకెళ్ళమన్నా."

"మీరా? ఎందుకు అత్తయ్యా? మీ వీపు సంగతేంటి?"

"అది నోరు తెరిచి అడగలేదు. సీసా వంక అదే పనిగా చూస్తోంది. తీసుకెళ్ళవే అన్నా." అత్తయ్య గొంతు తగ్గించింది, ఎవరో వింటున్నట్టు. "మళ్ళీ ఇవ్వడానికి రావాలి కదా. అది చిన్నప్పట్నుంచీ అంతే. పక్కింటి పిల్ల పెన్సిలు తెచ్చుకున్నా తిరిగిచ్చేదాకా దానికి నిద్ర పట్టేది కాదు. చూస్తూ ఉండు, వస్తుంది."

ఆ చెప్పడంలో ఎంత గర్వమో! పేకాటలో మంచి ముక్క దాచుకున్న మనిషిలా కళ్ళు మెరుస్తున్నాయి. మందుల షాపాయనతో ఇంకో సీసా తెప్పిస్తానన్నాను. గట్టిగా తల ఊపింది, వద్దని.

"ఇంకోటి ఇంట్లో ఉంటే అది ఇక రాదు. అమ్మ దగ్గర ఉందిగా అనుకుంటుంది. దానికి చెప్పు, నేను అదే సీసా కోసం చూస్తున్నానని."

చెప్పాను. వదిన, "అలాగేనమ్మా, తప్పకుండా" అంది. నేను తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టాను. తడిగుడ్డ కాసేపే, ఆరిపోగానే మళ్ళీ మంట. అత్తయ్య పెదవి కరిచిపట్టి గోడ వంక చూసేది. నర్సమ్మ వచ్చి వీపు చూసి నా మీద కస్సుమంది. "ఏంటిది? ఇక్కడంతా ఎర్రబడుతోంది. స్పిరిట్ ఏది?" అంది. నేను నోరు తెరిచేలోపే అత్తయ్య, "అయిపోయిందమ్మా, వస్తోంది, దార్లో ఉంది" అని అబద్ధం ఆడింది. మా ఆయన నాకు తెలియకుండా ఒకటి కొని తెచ్చాడు. అత్తయ్య దాన్ని కంటితో చూడగానే మంచం కమ్మీ పట్టుకుని బిగుసుకుపోయింది, పక్కకి తిప్పనివ్వలేదు. ఆయన దాన్ని తీసుకెళ్ళి షాపులో తిరిగిచ్చి వచ్చి, మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. నాకు జాలి వేయలేదు. అక్క ఇంటికెళ్ళి రెక్క పట్టుకుని లాక్కురమ్మంటే మాత్రం కదలడు.

నాకు ఒళ్ళు మండేది. కూతురి మీదా, తల్లి మీదా, ఈ తమ్ముడి మీదా, అందరి మీదా. రోజూ పొద్దున్నే మాత్రం జడ వేయాల్సిందే. నీలం జాకెట్ ఉతికి ఆరేయాల్సిందే.

ఒకరోజు మధ్యాహ్నం నేను షాపు నుంచి వచ్చి ఇంకా మొహం కడుక్కోలేదు, మెట్ల మీద అడుగుల చప్పుడైంది. మా అంతస్తు దాకా వచ్చి ఆగింది. అత్తయ్య జడ ముందుకు వేసుకుంది. నేను తలుపు తీశాను. తలకు హెల్మెట్ పెట్టుకున్న కొరియర్ అతను. నా చేతిలో ఒక పెట్టె పెట్టి, సంతకం చేయించుకుని దిగిపోయాడు.

విప్పాను. కొత్త సీసా. అదే రకం, సీలు కూడా తీయలేదు. మా మందుల షాపాయన తెప్పించిన రకం ఎక్కడిదో కనుక్కుని మరీ కొన్నట్టుంది. సీసా మెడకు రిబ్బను, రిబ్బనుకు కార్డు. లేత ఊదారంగు. ఒక రంగులోంచి ఇంకో రంగు ఎక్కడ మొదలైందో తెలియదు, బురద లేదు, మరక లేదు. ఇప్పటిదాకా పంపినవాటిలో ఇదే బాగుంది. మంచి స్పిరిట్ పడింది కదా మరి. లోపల బంగారు అక్షరాలు. "థాంక్యూ అమ్మా. నీ సీసా నీకు పంపించేశా. త్వరగా కోలుకో."

"వచ్చిందా?" అంది అత్తయ్య గదిలోంచి.

అబద్ధం చెప్పొచ్చు. వచ్చి, మీరు నిద్రపోతున్నారని ఇచ్చి వెళ్ళిందని చెప్పొచ్చు. కానీ ఆవిడ నిద్రపోవడం లేదు, గుమ్మం వైపే చూస్తూ ఉంది. ఆ కార్డును నాలుగు ముక్కలుగా చింపేద్దామనిపించింది. ఆ ప్లాస్టిక్ కాగితం చేత్తో చింపితే చిరగదు కూడా.

"సీసా వచ్చిందత్తయ్యా" అన్నాను.

అత్తయ్య నా చేతిలో ఉన్న సీసాను చూసింది, రిబ్బను చూసింది. ఎప్పుడొస్తానని రాసిందా అని అడగలేదు. నేను పక్కకి తిప్పితే ఈసారి బిగుసుకోలేదు, తిప్పినట్టల్లా తిరిగింది. నీలం జాకెట్ హుక్కులు తీసి, ఎర్రబడిన చోట్లు వదిలేసి, మిగిలిన వీపంతా నెమ్మదిగా తుడిచాను. స్పిరిట్ చల్లదనానికి ఒళ్ళు ఒకసారి జలదరించింది. హాయిగా ఉందని అంటుందేమోనని ఆగాను. అనలేదు. పౌడర్ వేశాను. అప్పటికీ మొహం దిండులోనే ఉంచుకుంది.

"అమ్మాయ్" అంది కొంతసేపటికి.

"చెప్పండి అత్తయ్యా."

"మనింట్లో దానికి పనికొచ్చేది ఇంకేముందో చూడు."

వదినను తిట్టడానికి నా దగ్గర ఇంకా చాలా మాటలు ఉన్నాయి. చేతులకంటిన పౌడర్ చీరకు తుడుచుకుని, వెళ్ళి అల్మారా తలుపు తీశాను.